కుదురులేనితనానికి ఒక చరిత్ర

1

మా వూరి పేరు జాతీయోద్యమ చరిత్రలో ఒక చోట తప్పకుండా కనబడుతుంది. 1937 వేసవిలో కొత్తపట్నం సముద్రపు ఒడ్డున వామపక్ష యువకులు ఒక రాజకీయ, ఆర్థికశాస్త్ర పాఠశాల నడిపారు. మద్రాసు రాష్ట్రంలో అప్పటికింకా కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడలేదు. తాత్కాలిక ప్రభుత్వం పాలిస్తున్నది. ఆ ప్రభుత్వం ఈ పాఠశాలను నిషేధించింది. చదువుకోవడానికి వచ్చినవాళ్లు లాఠీదెబ్బలు తిన్నారు. ఉమ్మడి గుంటూరు జిల్లాలో వామపక్ష చైతన్యం గురించి రాసేవారెవరూ ఈ సంఘటనను విస్మరించరు. మా బడి పిల్లలకు ప్రతి ఏడూ ఈ కథ చెబుతూ వచ్చాను.

అదే 1937లో ప్రపంచానికి ఆ చివర మరొక బడిలో మరొకటి జరిగింది. అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రంలో, ప్రవర్తన కుదురులేని పిల్లల కోసం పెట్టిన ఆసుపత్రిలో, చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ముప్పై మంది పిల్లలకు బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చాడు. అందులో పద్నాలుగు మంది చదువులో ఆశ్చర్యకరమైన మార్పు చూపారని ఆ ఏడాదే ఒక వైద్యపత్రికలో ప్రకటించాడు. ఆ పిల్లలు ఆ మందుకు తమంతట తామే 'లెక్కల మాత్రలు' అని పేరు పెట్టుకున్నారట.

ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. లేని సంబంధాన్ని కల్పించడం నా ఉద్దేశం కాదు. అయితే నలభై మూడో ఏట నేను ఆ లెక్కల మాత్రల కుటుంబానికి చెందిన మాత్ర ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాను. ఏడాది తిరగకముందే దాన్ని మార్చి మరొకటి వేసుకోవలసివచ్చింది. ఎ.డి.హెచ్.డి. అని ఇప్పుడు పిలవబడుతున్న స్థితికి అది మందు. 'అవధాన లోపం, అతిచలనం' అని తెలుగు చేసుకోవచ్చు. ఈ విషయం తెలిసినప్పుడు మన మిత్రుల్లో రెండు రకాల స్పందనలు వచ్చాయి. 'ఇది బహుళజాతి మందుల కంపెనీలు పుట్టించిన జబ్బు. మీరు కూడా ఆ వలలో పడ్డారా?' అన్నది ఒకటి. 'జబ్బూ లేదు గిబ్బూ లేదు, బద్ధకం' అన్నది రెండోది. నిజం చెప్పాలంటే ఈ రెండు అభిప్రాయాలూ అంతకు ముందు నావే. మొదటిది సభల్లో చెప్పేవాణ్ణి, రెండోది తరగతి గదిలో ఆచరించేవాణ్ణి.

ఒక భావాన్ని తిరస్కరించాలన్నా, స్వీకరించాలన్నా ముందు దాని చరిత్ర తెలుసుకోవాలని మనం నేర్చుకున్నాం. ఆ పనే ఇక్కడ చేయదలచాను.

2

ముందు మాటల సంగతి చూద్దాం. మన భాషలో అవధానం తక్కువైనవాణ్ణి చెప్పడానికి మాటలకు కొదవలేదు. కుదురులేనివాడు, నిలకడలేనివాడు, పరాకువాడు, కాలుగాలిన పిల్లి. ఇందులో 'పరాకు' అనే మాట పరిశీలించదగింది. రాజుగారు కొలువుకు వస్తుంటే 'బహుపరాక్' అని కేకవేసేవారు. అక్కడ దానికి జాగ్రత్త, హెచ్చరిక అని అర్థం. అదే మాటకు మనసు వేరే చోట ఉండటం అనే అర్థం కూడా ఉంది. ఒకే మాట అవధానానికీ, దాని లోపానికీ పేరైంది. కొలువులో అవధానం ఎవరు చూపాలి? సేవకుడు. ఎవరి వంక? ప్రభువు వంక. ప్రభువు పరాకుగా ఉంటే అది ఆయన విలాసం, బంటు పరాకుగా ఉంటే అది నేరం. యజమాని పిలిస్తే నౌకరు పలికే పలుకు 'చిత్తం'. అంటే నా మనసు నాది కాదు, తమది అని. అవధానం అనేది ఆదినుంచీ నిరపాయమైన మానసిక వ్యాపారం కాదనీ, అందులో అధికార సంబంధం ఇమిడి ఉన్నదనీ ఈ రెండు మాటలే సాక్ష్యం చెబుతున్నాయి.

ఇక సాహిత్యంలోకి వస్తే, అవధానాన్ని ఒక కళగా చేసి ప్రదర్శించిన జాతి మనది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటే అవధాని ఏ ఒక్కటీ వదలకుండా పద్యాలు పూరించాలి. అందులో అప్రస్తుత ప్రసంగి అనే వాడొకడు. అవధాని దృష్టి చెదరగొట్టడమే ఆయన ఉద్యోగం. దృష్టిభంగాన్ని కూడా ఒక అంగంగా పెట్టుకున్న సాహిత్యరూపం ఇది. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి (1870–1950) ఈ విద్యతో గద్వాల, ఆత్మకూరు వంటి సంస్థానాలు తిరిగి సన్మానాలు అందుకున్నారు. వారి ప్రతిభను తక్కువ చేయవలసిన పని లేదు. కాని ఆ ప్రతిభ ఎవరి సభలో, ఎవరి పోషణలో వర్ధిల్లిందన్నది మరచిపోకూడదు. అసాధారణమైన అవధానానికి శాలువా కప్పిన సమాజమే అవధానం కుదరని పిల్లవాణ్ణి వీధిబడిలో కోదండం వేసింది. దూలానికి తాడు కట్టి పిల్లవాణ్ణి వేలాడదీయడమే కోదండం. శాలువా, కోదండం రెండూ ఒకే విలువకు రెండు ముఖాలు.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని కూడా తలచుకోవాలి. గ్రాంథికభాషలో పాఠాలు ఒంటబట్టక వెనకబడిన పిల్లలను చూసి, దోషం పిల్లలది కాదు, వాళ్ల నెత్తిన పెట్టిన భాషది అని ఆయన వాదించాడు. పిల్లవాడు తప్పినప్పుడు బడిని కూడా బోను ఎక్కించాలన్న దృష్టి మనకు వ్యావహారిక భాషోద్యమం నుంచి వచ్చిన వారసత్వం. ఆ దృష్టిని నేను వదులుకోవడం లేదు. కాని దాని హద్దు ఎక్కడ అన్నదే నా ప్రశ్న.

3

పాశ్చాత్య దేశాల్లో ఈ స్థితిని గురించిన ప్రస్తావనలు పాతవే. 1798లో స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ అవధానరోగాల గురించి రాస్తూ, ఏ ఒక్క వస్తువు మీదా మనసు నిలపలేని పుట్టుస్వభావాన్ని వర్ణించాడు. 1840ల్లో జర్మనీలో హైన్రిహ్ హాఫ్‌మన్ అనే వైద్యుడు పిల్లల కోసం రాసిన బొమ్మల పుస్తకంలో భోజనాల బల్ల దగ్గర కుదురుగా కూర్చోలేని ఫిలిప్ అనే కుర్రవాడున్నాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. దానికి ఆయన పెట్టిన పేరు నైతిక నిగ్రహ లోపం. తెలివి ఉండి కూడా తమను తాము నిలువరించుకోలేని పిల్లలని ఆయన గుర్తించాడు. అది శాస్త్రీయ పరిశీలన. దాన్ని నీతికి ముడిపెట్టాడు. అది విక్టోరియా యుగపు బూర్జువా దృష్టి.

ఈ ఉపన్యాసాలు ఎప్పుడు వచ్చాయో గమనించాలి. ఇంగ్లండులో ప్రాథమిక విద్యాచట్టం 1870లో వచ్చింది. 1880లో బడికి పోవడం నిర్బంధమైంది. పొలాల్లో, వీధుల్లో, గనుల్లో చెదిరి ఉన్న పిల్లలందరినీ తెచ్చి ఒక గంట కొట్టి వరసల్లో కూర్చోబెట్టిన తరువాతే కూర్చోలేనివాడు ప్రత్యేకంగా కనిపించాడు. ఇ.పి. థాంప్సన్ 1967లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, పనిని బట్టి కాలాన్ని కొలుచుకునే శ్రామికుణ్ణి, గడియారాన్ని బట్టి పనిచేసే శ్రామికుడిగా పెట్టుబడిదారీ వ్యవస్థ ఎలా మార్చిందో వివరించాడు. ఆ మార్పులో బడిగంట పాత్ర చిన్నది కాదని కూడా చూపాడు.

మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో (1867) శ్రమప్రక్రియను వివరించే చోట అవధానం ప్రసక్తి ఉంది. మనం సాధారణంగా సాలెపురుగు, తేనెటీగల ఉపమానం దగ్గర ఆగిపోతాం. ఆ వెంటనే వచ్చే విషయాన్ని పట్టించుకోం. పని స్వభావమూ, అది చేసే తీరూ శ్రామికుణ్ణి ఎంత తక్కువ ఆకర్షిస్తే అంత ఎక్కువ అవధానాన్ని అతడు బలవంతాన కూడదీసుకోవాలన్నది అక్కడి సారాంశం. ఆనందం లేని చోట ఆ వెలితిని అవధానంతో పూడ్చుకోవాలన్నమాట. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలను చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. ఘాటుకు కళ్లు మండుతుండగా, తీసిన తూకాన్ని బట్టి కూలి లెక్కగట్టే పనిలో చూపు మళ్లితే కూలి తగ్గుతుంది. అక్కడ అవధానాన్ని కిలోల లెక్కన కొంటారు.

ఇంతవరకూ వచ్చినవాళ్లు, 'చూశారా, జబ్బు పిల్లవాడిది కాదు, వ్యవస్థది' అని వ్యాసం ముగించడం తేలిక. నేనూ చాలాకాలం అక్కడే ముగించాను. కాని ఒకే బడిలో, ఒకే గంట కింద, ఒకే కులం, ఒకే వర్గం పిల్లల్లో కొందరికే ఇది ఎందుకు ఇంత దుర్భరమవుతున్నదన్న ప్రశ్నకు ఆ వాదం జవాబు చెప్పదు. కవలపిల్లల మీద చేసిన అధ్యయనాలు ఈ స్థితిలో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువని చెబుతున్నాయి. పెద్దవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇది ఉంటుందని పలుదేశాల సర్వేల అంచనా. వ్యవస్థ గంట కొడుతుంది, నిజమే. కాని ఆ గంట అన్ని శరీరాలకూ ఒకే రకంగా వినిపించదు. శరీరం కూడా భౌతిక వాస్తవమే. భౌతికవాదులమని చెప్పుకునే మనం మెదడు దగ్గరకు వచ్చేసరికి భావవాదులమై, 'మనసుంటే మార్గముంటుంది' అనడం వింత.

4

ఇక మందు చరిత్ర. ఇది మరీ స్వచ్ఛమైనది కాదు. ఏంఫిటమిన్ అనే రసాయనాన్ని రుమేనియాకు చెందిన లజార్ ఎదెలేయాను 1887లో బెర్లిన్‌లో తయారుచేశాడు. అప్పుడు దానితో ఎవరికీ పనిపడలేదు. 1930ల్లో అమెరికన్ కంపెనీ ఒకటి దాన్ని ముక్కుదిబ్బడకు పీల్చే మందుగా, తరువాత మాత్రలుగా అమ్మింది. బ్రాడ్లీకి అది దొరికింది అలాగే. పిల్లలకు వెన్నులో నీరు తీసి చేసే ఒక పరీక్ష వల్ల వచ్చే తలనొప్పి తగ్గుతుందని ఆయన ఆ మందు ఇచ్చాడు. తలనొప్పి సంగతెలా ఉన్నా పిల్లలు లెక్కలు చేయడం మొదలుపెట్టారు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ కుటుంబపు మందులు సైనికుల జేబుల్లోకి చేరాయి. బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు బెంజెడ్రిన్ ఇచ్చాయి. హిట్లరు సైన్యం 1940 వసంతంలో పశ్చిమ ఐరోపా మీదికి దండెత్తినప్పుడు పెర్విటిన్ అనే మాత్రలు లక్షల్లో కాదు, కోట్లలో పంచింది. నిద్రపోకుండా చంపడానికీ, చావడానికీ పనికివచ్చిన సరుకు ఇది. యుద్ధం తరువాత అదే సరుకు లావు తగ్గడానికీ, రాత్రంతా మేలుకోవడానికీ అమ్ముడుపోయింది. వ్యసనాలు పెరిగాయి. చివరకు 1971లో ఐక్యరాజ్యసమితి మనోప్రభావక పదార్థాల ఒడంబడికలో వీటిని కట్టుదిట్టమైన జాబితాలో చేర్చవలసివచ్చింది.

నేను మొదట వేసుకున్న మిథైల్‌ఫెనిడేట్ ఇంకో మందు. స్విట్జర్లండులో సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే రసాయనవేత్త 1944లో దాన్ని తయారుచేశాడు. దాన్ని వేసుకుని చూసిన ఆయన భార్య ముద్దుపేరు రీటా. ఆ పేరుమీద దానికి రిటలిన్ అని పేరు వచ్చింది. 1954లో బజారుకు వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో అమెరికన్ బడిపిల్లలకు విస్తారంగా ఇచ్చారు. 1970ల్లో దీనిమీద తీవ్రమైన విమర్శ లేచింది. అల్లరిని జబ్బుగా మార్చి, బడిలోని లోపాలను పిల్లవాడి మెదడులోకి నెడుతున్నారని పీటర్ కాన్రాడ్ వంటి సామాజిక శాస్త్రవేత్తలు వాదించారు. ఆ విమర్శలో బలమున్నది. ఈనాటికీ దాన్ని చదవకుండా ఈ విషయం మీద కలం పట్టకూడదు.

కాని అదే దశాబ్దంలో జరిగిన రెండో పరిణామాన్ని మనం గమనించలేదు. పిల్లలు పెద్దవాళ్లయితే ఇది దానంతటదే పోతుందని అంతవరకూ వైద్యులు నమ్మేవారు. 1976లో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ వెండర్, ఆయన సహచరులు ఇలాంటి పెద్దవాళ్లకు మందు ఇచ్చి చూసి ఫలితాలు ప్రచురించారు. 1968లో అమెరికన్ మానసిక వైద్యుల పట్టికలో 'బాల్యపు అతిచలన ప్రతిక్రియ' అని ఉన్నది, 1980 నాటికి 'అవధాన లోపం'గా మారింది. గంతులు పోయినా లోపల మిగిలే శేషాన్ని కూడా ఆ పట్టిక గుర్తించింది. ఆ రంగంలోనే మరో ఇరవై ఏళ్లకు, 2002లో, ఆటమాక్సెటిన్ అనే మందు అక్కడ పెద్దవాళ్ల కోసం కూడా అనుమతి పొందింది. మొదట దిగులు తగ్గించే మందుగా పరీక్షించి, పనికిరాదని పక్కన పెట్టిన సరుకు అది. 2013 పట్టికలో పెద్దవాళ్లకు లక్షణాల సంఖ్య తగ్గించి, పన్నెండో ఏటికి ముందే కొన్ని లక్షణాలు ఉండితీరాలని నిర్ణయించారు.

ఈ పరిణామంలో కంపెనీల లాభాపేక్ష లేదా? ఉన్నది. జబ్బు పరిధి పెరిగిన కొద్దీ బజారు పెరుగుతుంది. కాని లాభం కోసం తయారైనదల్లా అబద్ధం అనే సూత్రం ప్రకారం పెన్సిలిన్‌ను కూడా వదులుకోవాలి. 2018లో లాన్సెట్ కుటుంబానికి చెందిన పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష, పిల్లలకు మిథైల్‌ఫెనిడేట్‌నూ, పెద్దలకు ఏంఫిటమిన్ జాతి మందులనూ ముందు వరసలో నిలిపింది. కొద్ది వారాలకు మించిన దీర్ఘకాలపు ఫలితాలకు తగిన సాక్ష్యం లేదని కూడా ఆ సమీక్షే చెప్పింది. అత్యవసర మందుల జాబితాలో మిథైల్‌ఫెనిడేట్‌ను చేర్చమన్న కోరికను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లోను, 2021లోను తోసిపుచ్చింది. కాబట్టి పూజా తగదు, బహిష్కారమూ తగదు.

మన దేశం సంగతి వేరు. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నది. 1945 నాటి ఔషధ నిబంధనల్లో ఎక్స్ షెడ్యూలుకు చెందుతుంది. ప్రత్యేకమైన లైసెన్సు ఉన్న దుకాణమే అమ్మాలి. చీటీ రెండు ప్రతులు కావాలి. ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. దుర్వినియోగం అరికట్టడానికి పెట్టిన నిబంధన ఇది. అవసరమైనదే. కాని మండల కేంద్రంలో ఉండేవాడికి ఈ నిబంధన గోడగా నిలబడుతుంది. అమెరికాలో అతిగా వాడటం సమస్యయితే ఇక్కడ అందకపోవడం సమస్య. వాళ్ల విమర్శను తెచ్చి యథాతథంగా మన పరిస్థితికి అతికించడం కూడా ఒక రకం దిగుమతే.

5

నా అనుభవం చెప్పడానికి సంకోచిస్తూనే కొంత చెబుతాను. చరిత్ర శరీరం మీద ఎలా పనిచేస్తుందో చూపడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం అదొక్కటే.

గుంటూరులో ఒక మానసిక వైద్యురాలు నన్ను మూడుసార్లు పిలిపించి గానీ తేల్చలేదు. 'మీ చిన్నతనం చూసినవాళ్లు కావాలి. అమ్మగారిని తీసుకురండి మాస్టారూ' అన్నారు. మా అమ్మ ఆవిడ ముందు కూర్చుని, 'వీడు అన్నం ముందు కూచుని కూడా సగంలో లేచిపోయేవాడమ్మా. పుస్తకాలు ఎన్నిసార్లు పారేసుకున్నాడో లెక్కలేదు. వాళ్ల నాన్న కొట్టని రోజు లేదు' అని చెప్పింది. నలభై ఏళ్లుగా మా ఇంట్లో నవ్వుకోవడానికి చెప్పుకున్న మాటలే అవి. ఆ గదిలో మాత్రం ఎవరమూ నవ్వలేదు. గుండె, రక్తపోటు, బరువు, థైరాయిడ్ చూశారు. దిగులు జబ్బేమోనని అడిగి తెలుసుకున్నారు. రోజుకు తాగే పది పన్నెండు టీల సంగతి కూడా అడిగారు. ఉత్ప్రేరకం నేను అప్పటికే వాడుతున్నాననీ, గ్లాసుల లెక్కన వాడుతున్నాననీ అప్పుడు తెలిసింది.

మొదట పది మిల్లీగ్రాముల మిథైల్‌ఫెనిడేట్, ఆపైన నెమ్మదిగా పెంపు. మెదడులో డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు విడుదలైన చోటే త్వరగా వెనక్కి పోకుండా ఆపడం దాని పని. మామూలు మాత్ర సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది. మొదటి వారంలో ఒక ఆదివారం నలభై రెండు జవాబుపత్రాల కట్ట ముందు కూర్చుని, లేవకుండా దిద్దాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అది మొదటిసారి. ఉత్సాహమో, మత్తో ఏమీ లేదు. గదిలో మోగుతున్న పది రేడియోల్లో తొమ్మిది ఎవరో ఆపినట్టు ఉంది. అంతే.

దాని మూల్యం కూడా తెలిసింది. మధ్యాహ్నం ఆకలి చచ్చిపోయింది. సాయంత్రం మందు దిగేవేళకు ఇంట్లో అందరిమీదా కసురుకునేవాణ్ణి. నాడి వేగం పెరిగింది, రక్తపోటు ఎక్కింది. మందు దొరకడం మరో కథ. మా వూళ్లో దొరకదు. పట్నంలో ఒక దుకాణంలో చీటీ చూసి, 'ఇదెందుకు వాడుతున్నారు?' అని నలుగురి ముందు అడిగారు. ఒక నెల సరుకు రాలేదు. ఆ నెల మళ్లీ పాత మనిషినయ్యాను. ఈసారి తేడా తెలిసి అయ్యాను కాబట్టి బాధ ఎక్కువైంది.

రక్తపోటు చూసి వైద్యురాలు మందు మార్చారు. నలభై మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఎనభైకి పెంచిన ఆటమాక్సెటిన్. ఇది ఉత్ప్రేరకం కాదు, ఎక్స్ షెడ్యూలుది కాదు, మామూలు చీటీకి దొరుకుతుంది. కాని దీనివల్ల కూడా రక్తపోటు పెరగవచ్చు, అందుచేత అదీ కొలుస్తూ ఉండాలని ఆవిడ ముందే చెప్పారు. ఇది వెంటనే పనిచేయదు. మొదటి మూడు వారాలు వికారం, నోరెండిపోవడం, ఫలితం సున్న. వదిలేద్దామనుకున్నాను. 'ఆరు వారాలు ఆగకుండా తీర్పు చెప్పకండి, మీరు విమర్శకులు కదా' అన్నారావిడ. ఆరో వారం దాటాక, ఫలానా రోజున అని చెప్పలేను గాని, మొదలుపెట్టిన పని పూర్తవడం ఎక్కువైంది. మొదటి మందంత పదును దీనిలో లేదు. సాయంత్రాలు మాత్రం మా ఇంటివాళ్లకు తిరిగి దక్కాయి. నా రక్తపోటు అదుపులో ఉన్నది. ఇది నాకు కుదిరిన సర్దుబాటు. మరొకరికి ఇదే కుదురుతుందని కాదు.

ఈ మధ్య సంఘంలోని ఒక పాతమిత్రుడు అడిగాడు. 'మాత్ర వేసుకుని రాసింది నీ రాతేనా?' అని. ప్రశ్న తీసివేయదగింది కాదు. కళ్లద్దాలు పెట్టుకుని చదివింది నీ చదువేనా అని ఎదురు ప్రశ్నించి తప్పించుకోవచ్చు. కాని పోలిక పూర్తిగా అతకదు. అద్దాలు అక్షరాన్ని మాత్రమే చూపుతాయి. ఈ మందు ఏ పనికైనా కూర్చోబెడుతుంది. బీరువాలో సగంలో ఆగిన వ్యాసాలు పదిహేడున్నాయి. మందు వచ్చాక నాలుగు పూర్తి చేశాను. ఒకటి చదివి చూసి, ఇది పూర్తికాకపోవడమే మంచిదని చింపేశాను. ఏం రాయాలో, ఎవరి పక్షాన రాయాలో మాత్రలో లేదు. సైనికుణ్ణి మేలుకొలిపి చంపించినదీ, పిల్లవాడి చేత లెక్కలు చేయించినదీ ఒకే జాతి మందు. కూర్చోవడం మందు పని. ఎందుకు కూర్చున్నామన్నది మన పని.

6

చివరగా రెండు విషయాలు.

మొదటిది విమర్శకులకు. ఫలానా కవి రచనలు అర్ధాంతరంగా వదిలేశాడు, నిలకడ లేకుండా తిరిగాడు, కాబట్టి ఆయనకు ఇదే ఉండి ఉంటుందని ఈమధ్య విద్యార్థులు సిద్ధాంతవ్యాసాల్లో రాయాలని ముచ్చటపడుతున్నారు. ఇది వద్దు. సజీవుడైన నన్ను తేల్చడానికే మూడు రాకడలూ, మా అమ్మ సాక్ష్యమూ కావలసివచ్చాయి. చనిపోయినవారి నాడి పుస్తకాల్లో దొరకదు. కవి పూర్తి చేయలేకపోయినదానికి అప్పులు, ఉద్యోగాలు, జైళ్లు, పత్రికలు మూతపడటాలు కారణమై ఉండవచ్చు. వాటిని వెతకడమే చరిత్ర. జబ్బుపేరు తగిలించడం వెతకడం మానేయడానికి ఒక మార్గం. అవధానాన్ని గురించి రాయదలచుకున్నవారు పరాకు నుంచి బడిగంట దాకా మన సాహిత్యంలో అది ఎవరి సొత్తుగా చిత్రితమైందో పరిశీలిస్తే మేలు జరుగుతుంది.

రెండోది మనకందరికీ. మందు మొదలుపెట్టిన తొలిరోజుల్లో నాకు పదేపదే గుర్తుకు వచ్చినవాడు ఒక విద్యార్థి. పల్లెపాలెం కుర్రవాడు. కూర్చున్నచోట కూర్చోడు, అడిగింది పూర్తి కాకముందే జవాబు చెబుతాడు, హోంవర్కు తేడు. వాణ్ణి నేను ఎన్ని పీరియడ్లు గోడకుర్చీ వేయించానో నాకే తెలియదు. శారీరక దండనను 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించిందని తెలిసి కూడా, గోడకుర్చీ దండన కాదు, క్రమశిక్షణ అనుకున్నాను. ఎనిమిదిలో మానేసి వేటకు పోయాడు. మొన్న ఒడ్డున కనబడ్డాడు. బోటు ఇంజను మొత్తం విప్పి గోనెపట్టా మీద వరసగా పెట్టుకుని, పొద్దుటి నుంచి దాన్నే చూస్తున్నాడు. నేను గంటసేపు నిలబడ్డాను, తల ఎత్తలేదు. చూసి లేచి, 'చదువు నాకు అబ్బలేదు సార్. మీ తప్పేం లేదు' అన్నాడు.

వాడికి ఈ జబ్బు ఉన్నదో లేదో నేను చెప్పను. చెప్పే అధికారం నాకు లేదు. నాకు తెలిసింది ఒక్కటే. మార్క్స్ చెప్పిన ఆకర్షణ వాడికి ఇంజనులో దొరికింది, నా తరగతిలో దొరకలేదు. ఎందుకు దొరకలేదని నేను అడగలేదు. నన్ను మాత్రం గుంటూరులో ఎవరో అడిగారు. నా జీతం, నా చదువు, నా తీరిక నన్ను ఆ గది దాకా తీసుకువెళ్లాయి. ఒకే లోపం నా దగ్గర రోగమయింది, వాడి దగ్గర చదువు అబ్బకపోవడమయింది. ఈ తేడా మెదడులో లేదు, సమాజంలో ఉన్నది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాలను పేర్కొన్నది. చదవడం రాయడంలోని ప్రత్యేక లోపాలు అందులో ఉన్నాయి. ఎ.డి.హెచ్.డి. పేరు లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలయింది. టెలి మానస్ అనే ఉచిత ఫోను సహాయం 2022లో వచ్చింది. 14416 నంబరుకు చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇవి ఆరంభాలు. ప్రతి మండలంలో కుదురులేని పిల్లవాణ్ణి చూడగలిగిన వైద్యుడూ, వాణ్ణి కొట్టకుండా అడగగలిగిన ఉపాధ్యాయుడూ ఉండాలని కోరడం మన కార్యక్రమంలో భాగం కావాలి. మాత్ర కావలసినవాడికి మాత్ర అందాలి. గంటను సవరించవలసిన చోట గంటను సవరించాలి. ఒకటి అడిగితే రెండోది అడగనక్కరలేదని చెప్పేవారు ఇరుపక్షాల్లోనూ ఉన్నారు. వారిద్దరితోనూ విభేదించవలసి ఉంది.

1937లో మా ఒడ్డున బడి పెట్టినవాళ్లు ప్రపంచాన్ని మార్చాలంటే ముందు దాన్ని నిదానంగా చదవాలని నమ్మారు. ఆ పిల్లవాడితో మళ్లీ మాట్లాడాను. ఓపెన్ స్కూలు పదో తరగతి పుస్తకాలు తెప్పించి ఇచ్చాను. చదువుతాడో లేదో తెలియదు. ఆదివారం ఉదయం ఇంజను పక్కనే కూర్చుని చదువుకుందామని ఒప్పందం. నన్ను కూడా కదలకుండా కూర్చోమన్నాడు.